తూర్పు కనుమలు: ఒక్క పేరు కింద ఎన్ని కొండలు?

అరకు వైపు, నీళ్లను కొండ మీదికి తోడి కరెంటును నిల్వచేసే పంప్డ్ స్టోరేజీ విద్యుత్ ప్రాజెక్టులు వద్దంటూ గిరిజనుల ఆందోళన, నల్లమలలో యురేనియం తవ్వకాల మీద గొడవ, శేషాచలంలో ఎర్రచందనం స్మగ్లర్ల అరెస్టు, భీమిలి దగ్గర ఎర్రమట్టి దిబ్బల్ని తవ్వేస్తున్నారన్న ఫిర్యాదు. పేపర్లో ఇవి వేరువేరు జిల్లాల పేజీల్లో వస్తాయి. పర్యావరణం గురించి చర్చ మొదలయ్యేసరికి మాత్రం అన్నీ ఒక్క వాక్యంలోకి చేరిపోతాయి: "తూర్పు కనుమలు ప్రమాదంలో పడ్డాయి."

ఆ మాట తప్పు కాదు. కానీ వినేవాడికి కొన్ని సందేహాలు మిగులుతాయి. అరకు కొండ, తిరుమల కొండ ఒకే పర్వతశ్రేణిలోవేనా? అయితే మధ్యలో రాజమండ్రి నుంచి విజయవాడ దాకా రైల్లో వెళ్తుంటే ఆ శ్రేణి ఏమైపోయింది? ఇందులో అన్నిటికంటే ఎత్తైన శిఖరం ఏదని అడిగితే ఒక్కో పుస్తకం ఒక్కో పేరు ఎందుకు చెబుతుంది? పశ్చిమ కనుమల కోసం కమిటీలు, నోటిఫికేషన్లు వచ్చాయి కదా, వీటికి ఎందుకు రాలేదు?

నాకు అర్థమైనంతలో వీటన్నిటికీ మూలం ఒకటే. తూర్పు కనుమలు అనేది ఒక గోడ పేరు కాదు. వయసులో, రాయిలో, అడవిలో, చట్టంలో ఒకదానితో ఒకటి పోలని కొండల గుంపులకు భూగోళ పాఠం పెట్టిన ఉమ్మడి పేరు. ఏ వాదన విన్నా ముందు "ఏ ముక్క గురించి?" అని అడిగితే సగం చిక్కు అక్కడే విడిపోతుంది.

పటం మీద గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుంది

సాధారణంగా చెప్పే హద్దులు ఇవి: ఉత్తరాన ఒడిశాలో మహానది, దక్షిణాన తమిళనాడులో వైగై నది. ఆ మధ్యలో బంగాళాఖాతం తీరానికి కొంత లోపలగా, కొన్నిచోట్ల తీరాన్ని ఆనుకుని ఉన్న కొండలన్నీ తూర్పు కనుమలే. ఒడిశా, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటక, తమిళనాడుల్లో ఇవి విస్తరించాయి.

ఉత్తరపు ముక్క మొత్తంలో పెద్దది, ఎత్తైనది. ఒడిశాలోని గజపతి, రాయగడ, కోరాపుట్ కొండల నుంచి మన పార్వతీపురం మన్యం, అల్లూరి సీతారామరాజు జిల్లాల మీదుగా గోదావరి ఒడ్డున పాపికొండల దాకా దాదాపు తెగకుండా వస్తుంది. కొండలు సముద్రాన్ని నిజంగా తాకేది కూడా ఈ భాగంలోనే. విశాఖలో యారాడ కొండ, డాల్ఫిన్స్ నోస్, కైలాసగిరి, వెనకాల సింహాచలం కొండలు ఈ శ్రేణి తూర్పు అంచులు. డాల్ఫిన్స్ నోస్ సముద్రంలోకి చొచ్చుకొచ్చి అలల్ని, గాలిని అడ్డుకోవడం వల్లే అక్కడ ఓడరేవు కుదిరింది. 1933లో తెరుచుకున్న ఆ రేవు లేకపోతే విశాఖ ఇంత నగరం అయ్యేది కాదు.

గోదావరి దాటాక కథ మారిపోతుంది. గోదావరికి, కృష్ణకు మధ్య తీరం వైపు కొండలు దాదాపు కనిపించవు. డెల్టా నేల చదును. కొండపల్లి, ఇంద్రకీలాద్రి లాంటి చిన్న గుట్టలు అక్కడక్కడా తలెత్తుతాయి. కొండపల్లి బొమ్మలకు వాడే తెల్ల పొణికి కర్ర ఆ గుట్టల అడవిదే.

కృష్ణకు దక్షిణాన కొండలు మళ్లీ లేస్తాయి, కానీ సముద్రానికి చాలా దూరంగా. నల్లమల, ఎర్రమల, వెలిగొండ, పాలకొండ, శేషాచలం, నగరి కొండలు ఈ వరసలోవి. నల్లమల కొంత భాగం కృష్ణకు అవతల తెలంగాణలోని అమ్రాబాద్ వైపు ఉంది. ఇంకా దక్షిణాన తమిళనాడులో జవ్వాది, షెవరాయ్, కొల్లి, పచ్చైమలై కొండలు విడివిడిగా ఉంటాయి. నీలగిరుల దగ్గర తూర్పు, పడమటి కనుమలు కలుస్తాయని పాఠాల్లో రాస్తారు.

రాళ్ల వయసు అడిగితే బంధుత్వం తేలుతుంది

విశాఖ కొండల్లో ఎక్కువగా కనిపించే రాయి పేరు ఖోండలైట్. ఈ కొండల్లోనే ఉండే ఖోండు తెగ పేరు మీదుగా ఇరవయ్యో శతాబ్దం మొదట్లో భూగర్భ శాస్త్రజ్ఞులు దానికి ఆ పేరు పెట్టారు. కోణార్క ఆలయం కట్టింది ప్రధానంగా ఈ రాతితోనే. దీనికి తోడుగా చార్నకైట్ అనే ముదురు రంగు రాయి ఉంటుంది. రెండూ భూమి లోపల చాలా లోతున, విపరీతమైన వేడికీ ఒత్తిడికీ రూపు మారిన రాళ్లు. సుమారు 100 కోట్ల ఏళ్ల కిందట రెండు భూఖండాలు ఢీకొన్నప్పుడు ఇవి ఇప్పటి రూపానికి వచ్చాయని శాస్త్రజ్ఞుల అంచనా. ఆ రెండో భూఖండం ఇప్పుడెక్కడుంది? తూర్పు అంటార్కిటికాలో. అక్కడి రాళ్ల వయసు, స్వభావం మన మన్యం రాళ్లతో సరిపోతున్నాయి.

నల్లమల, శేషాచలాల పుట్టుక పూర్తిగా వేరు. అవి ఒకప్పటి సముద్రం అడుగున పేరుకున్న ఇసుక, బురద గట్టిపడి ఏర్పడ్డవి. ఆ పల్లాన్ని కడప బేసిన్ అంటారు. అందులో పొరలు పేరుకోవడం దాదాపు 190 కోట్ల ఏళ్ల కిందటే మొదలైంది. నల్లమల వైపు ఆ పొరలు తర్వాత ఒత్తిడికి ముడతలు పడ్డాయి. తిరుపతి నుంచి తిరుమలకు ఘాట్ రోడ్డులో వెళ్తున్నప్పుడు కొండ తెగిన చోట కింద గ్రానైట్, పైన అడ్డపొరల క్వార్ట్‌జైట్ కనిపిస్తాయి. ఆ రెంటి మధ్య సన్నటి గీతలో సుమారు 80 కోట్ల ఏళ్ల చరిత్ర గల్లంతైంది. కింది రాయి ఏర్పడి, అరిగిపోయాక, అంతకాలానికి పై పొర వచ్చి కూర్చుంది. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా దాన్ని జాతీయ భూగర్భ వారసత్వ చిహ్నంగా గుర్తించింది. గోవిందా అనుకుంటూ వెళ్లే బస్సుల్లో ఎంతమంది దాన్ని చూస్తారో గానీ, చూడదగ్గ గీత.

కాబట్టి రాయి లెక్కన చూస్తే అరకు కొండకు అంటార్కిటికా దగ్గరి చుట్టం. తిరుమల కొండ దాని పొరుగు మాత్రమే.

ఇక్కడ ఇంకో అపోహ కూడా తీర్చుకోవాలి. ఇవి హిమాలయాల్లా ఇంకా ఎదుగుతున్న పర్వతాలు కావు. ఒకప్పుడు ఎంతో ఎత్తున ఉండి, కోట్ల ఏళ్లు అరిగి మిగిలినవి. అరిగిన భాగం ఎక్కడికీ పోలేదు, చాలావరకు తీరంలోనే ఉంది. భీమిలి, శ్రీకాకుళం తీరపు ఇసుకలో దొరికే గార్నెట్, సిలిమనైట్ ఖనిజాలు ఖోండలైట్ కొండల్లోంచి వాగులు మోసుకొచ్చినవే. ఎర్రమట్టి దిబ్బల ఎరుపుకు కారణం ఆ ఇసుక రేణువుల మీద పట్టిన ఇనుప తుప్పు.

నది కొండను కోసిందా, సందు చూసుకుని వచ్చిందా

తూర్పు కనుమలు ముక్కలుగా ఎందుకున్నాయన్న ప్రశ్నకు బడిలో చెప్పే జవాబు ఒక్క ముక్క: నదులు కోశాయి. దక్కను పీఠభూమి తూర్పుకు వాలి ఉంది. గోదావరి, కృష్ణ, కావేరి పడమటి కనుమల్లో పుట్టి తూర్పుకు పారతాయి, దారిలో అడ్డొచ్చిన కొండల్ని కోసుకుపోతాయి. ఈ జవాబు సగం నిజం.

శ్రీశైలం దగ్గర అది పూర్తిగా నిజం. నల్లమలను కృష్ణ కోసిన లోతైన లోయలోనే శ్రీశైలం డ్యామ్ కట్టారు. రెండువైపులా నిటారు రాయి ఉంటే డ్యామ్‌కు అంతకంటే ఏం కావాలి? ఎర్రమల కొండల్ని పెన్న కోసిన చోట గండికోట లోయ ఉంది.

గోదావరి విషయంలో భూమి కూడా సాయం చేసింది. ప్రాణహిత నుంచి భద్రాచలం వైపు వచ్చే లోయ నది తవ్వుకున్న మామూలు లోయ కాదు. 25, 30 కోట్ల ఏళ్ల కిందట అక్కడ భూమి చీలికల వెంట కుంగింది. ఆ పల్లంలో పేరుకుని మగ్గిన అడవులే సింగరేణి బొగ్గు. గోదావరి పట్టుకున్నది ఆ పాత పల్లాన్నే. పాపికొండల దగ్గర మాత్రం గట్టి రాయి ఎదురైంది, అక్కడ కోసుకోక తప్పలేదు. అందుకే భద్రాచలం దగ్గర అంత వెడల్పున్న నది పాపికొండల మధ్యకు వచ్చేసరికి ఇరుకైపోతుంది.

వేరేచోట పుట్టి వచ్చే ఈ పెద్ద నదులతో పాటు ఈ కొండల్లోనే పుట్టే నదులూ ఉన్నాయి. వంశధార, నాగావళి, చంపావతి, గోస్తనీ, శారద, సీలేరు అలాంటివి. డెల్టా జిల్లాలకు పడమటి కనుమల వాన ఎంత ముఖ్యమో ఉత్తరాంధ్రకు ఈ కొండల వాన అంత ముఖ్యం. ఈ తేడా గుర్తుంచుకుంటే చివర్లో చెప్పబోయే తగవు సులువుగా అర్థమవుతుంది.

ఎత్తైన శిఖరం ఏది? గీతను బట్టి జవాబు

పోటీ పరీక్షలకు చదివే పిల్లల్ని విసిగించే ప్రశ్న ఇది. పాత పుస్తకాల్లో మహేంద్రగిరి, 1501 మీటర్లు. ఒడిశా వాళ్లను అడిగితే కోరాపుట్ జిల్లా దేవమాలి, 1672 మీటర్లు. మన దగ్గర అల్లూరి జిల్లా అర్మకొండ, సుమారు 1680 మీటర్లు. జిందగడ అనే పేరు కూడా ఈ పోటీలో వినిపిస్తుంది. కొన్నిచోట్ల అర్మకొండ, జిందగడ రెండూ ఒకే శిఖరం పేర్లన్నట్టు రాస్తారు, కొన్నిచోట్ల విడిగా రాస్తారు.

ఇప్పుడు గీతను కొంచెం జరిపి చూద్దాం. కర్ణాటకలోని బిళిగిరిరంగన కొండలు తూర్పు, పడమటి కనుమలకు మధ్య వంతెనలా ఉంటాయి. వాటిని తూర్పు కనుమల్లో కలిపేస్తే అక్కడ సుమారు 1800 మీటర్ల శిఖరం ఉంది, అర్మకొండ రెండో స్థానానికి పోతుంది. ఇంకొంచెం జరిపి, రెండు కనుమలూ నీలగిరుల్లో కలుస్తాయి కదా అని నీలగిరుల్ని కూడా కలుపుకుంటే 2637 మీటర్ల దొడ్డబెట్ట ముందు ఇవన్నీ చిన్నబోతాయి. అయితే నీలగిరుల్ని పడమటి కనుమల్లో భాగంగా చూడటమే ఆనవాయితీ.

కొలతలో తేడా చాలా తక్కువ. తగవంతా కొలిచే పరిధి గురించే. పరీక్షలో ఏది రాయాలో మాత్రం ఆ సిలబస్ తయారుచేసిన వాళ్లను అడగాలి.

పక్కనే సముద్రం ఉన్నా వాన ఎందుకు తక్కువ

పడమటి కనుమలు అరేబియా సముద్రపు తేమగాలికి ఎదురుగా నిలబడతాయి. అందుకే అక్కడ చాలాచోట్ల ఏడాదికి 3000 మిల్లీమీటర్లకు మించి వాన. తూర్పు కనుమలకు ఆ స్థానం దొరకలేదు. నైరుతి రుతుపవనాలు వచ్చేసరికి ఇవి వెనకవైపు ఉంటాయి. బంగాళాఖాతం మీదుగా వెళ్లే రుతుపవన శాఖ కూడా చాలావరకు తీరానికి సమాంతరంగా ఉత్తరానికి సాగిపోతుంది. ఇక్కడి కొండలకు వాన తెచ్చేవి ప్రధానంగా బంగాళాఖాతంలో పుట్టే అల్పపీడనాలు, తుపానులు. దక్షిణ భాగానికైతే వాటితో పాటు ఈశాన్య రుతుపవనాలు కూడా.

ఉత్తరపు ముక్కలో ఏడాదికి సుమారు 1200 నుంచి 1600 మిల్లీమీటర్ల వాన పడుతుంది, కడప వైపు అందులో సగమే. అందుకే అరకులో కాఫీ పండుతుంది, శేషాచలంలో ఎర్రచందనం పెరుగుతుంది. ఎర్రచందనానికి కావలసింది ఆ ఎండ, ఆ రాతి నేల, ఆ తక్కువ నీరే. సహజంగా అది శేషాచలం, దాని చుట్టుపక్కల కొండల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా పెరగదు. 1986లో మళ్లీ కనిపించేదాకా అంతరించిపోయిందనుకున్న కలివికోడి ఉండేది కూడా కడప జిల్లా లంకమల వైపు ముళ్లపొదల్లోనే. పచ్చటి దట్టమైన అడవి ఉంటేనే గొప్ప అడవి అనుకునేవాళ్లకు ఈ పక్షి ఒక సమస్య. దానికి పొదలే కావాలి, మధ్యలో ఖాళీ నేలే కావాలి.

ఎత్తు వల్ల చలి ఎంత పెరుగుతుందో చిన్న లెక్క చూద్దాం. 1000 మీటర్లు పైకి వెళ్తే ఉష్ణోగ్రత సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. విశాఖ బీచ్‌లో 34 డిగ్రీలుంటే, 900 మీటర్లకు పైనున్న అరకులో 28 దగ్గర ఉండాలి. పగటిపూట ఈ లెక్క ఇంచుమించు సరిపోతుంది. కానీ డిసెంబరు రాత్రి లంబసింగిలో సున్నా దగ్గరకు ఎలా పడిపోతుంది? ఎత్తు ఒక్కటే చాలదు. నిర్మలమైన ఆకాశం కింద నేల వేడి కోల్పోతుంది. చల్లబడి బరువెక్కిన గాలి చుట్టుపక్కల వాలుల మీంచి జారి లోయలో చేరుతుంది. తెల్లవారుజామున సెల్ఫీల కోసం వణుకుతూ నిలబడే టూరిస్టులున్నది ఆ చల్లగాలి మడుగు అడుగునే.

ఎవరి కొండకు వాళ్ల దేవుడు

పురాణాలు ఏడు కులపర్వతాల పేర్లు చెబుతాయి: మహేంద్రం, మలయం, సహ్యం, శుక్తిమంతం, ఋక్షం, వింధ్యం, పారియాత్రం. పడమటి కనుమలకు సహ్యాద్రి అనే పాత పేరు ఉంది. తూర్పున మొత్తం శ్రేణికి అలాంటి పేరు లేదు. మహేంద్రం ఉంది గానీ అది ఉత్తరపు కొండలకే, ముఖ్యంగా ఇప్పటి మహేంద్రగిరికి దగ్గరి మాట. పరశురాముడు తపస్సు చేసుకునే కొండగా దానికి పేరు. కళింగాన్ని ఏలిన తూర్పు గంగ రాజులు తమ తామ్రశాసనాల్లో మహేంద్రాచల శిఖరం మీది గోకర్ణస్వామిని స్తుతించాకే దానం సంగతికి వచ్చేవాళ్లు. కొండ మీది దేవుడు వాళ్ల రాజ్యానికి సాక్షి.

తీరం వెంబడి కొండల్ని బౌద్ధులు ముందే గుర్తించారు. తొట్లకొండ, బావికొండ, బొజ్జన్నకొండ, వంశధార ఒడ్డున శాలిహుండం. వీటిలో చాలావాటికి సముద్రం గానీ నది గానీ దగ్గర. రేవులకు వచ్చే వర్తకుల దానం అందాలి, భిక్షువులకు ఏకాంతమూ కావాలి, వరద రాకూడదు. చిన్న కొండ ఈ మూడూ ఇస్తుంది. తొట్లకొండ ఆరామం 1976లో నౌకాదళం తన అవసరాలకు సర్వే చేస్తున్నప్పుడు బయటపడింది. తీరాన్ని కనిపెట్టుకుని ఉండటానికి పనికొచ్చే కొండ అని రెండువేల ఏళ్ల తేడాతో ఇద్దరికీ తోచిందన్నమాట.

దక్షిణాన కథ ఇంకో తీరు. శేషాచలం, నల్లమల కొండల వరసను జనం పడుకున్న ఆదిశేషుడిగా చూశారు. పడగ తిరుమల, నడుము అహోబిలం, తోక శ్రీశైలం. పటం తీసి ఈ మూడింటినీ కలిపి చూడండి, నిజంగానే వంపు తిరిగిన పాములా ఉంటుంది. విమానాలూ ఉపగ్రహాలూ లేని రోజుల్లో నడిచి తిరిగిన మనుషులు ఆ వంపును ఎలా పట్టుకున్నారో అని నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. ఇంకో విశేషం, ఈ పాము శరీరం మొత్తం కడప బేసిన్ రాళ్ల మీదే ఉంది. తూర్పు కనుమలన్నిటినీ ఒక్కటిగా ఊహించిన కథ మనకు లేదు, కానీ ఈ ఒక్క ముక్కను ఒకే ప్రాణిగా ఊహించిన కథ ఉంది.

ఆ కొండల్లో మొదటి నుంచీ ఉన్న చెంచులకు ఈ దేవుళ్లు బయటివాళ్లు కారు, అల్లుళ్లు. శ్రీశైలం మల్లన్న వాళ్లకు చెంచు మల్లయ్య. అహోబిలం నరసింహస్వామి చెంచులక్ష్మిని పెళ్లాడినవాడు. సంక్రాంతి వేళ మొదలయ్యే అహోబిలం పారువేట ఉత్సవంలో స్వామి పల్లకిలో సుమారు నలభై రోజులు చుట్టుపక్కల ఊళ్లు తిరుగుతాడు, తన పెళ్లికి జనాన్ని పిలవడానికి. ఉగాదికి కన్నడ భక్తులు నల్లమల అడవిలో నడిచి శ్రీశైలం చేరతారు. భ్రమరాంబ వాళ్లకు ఇంటి ఆడపడుచు. అంటే ఒకే దేవుడికి కొండలోనూ, కొండ అవతలా అత్తవారిళ్లు ఉన్నాయి.

ఉత్తరాన మన్యంలో గుడి కంటే కొండే ముఖ్యం. ఒడిశా నియమగిరిలోని డోంగ్రియా కోంధులకు (ఖోండుల్లోనే ఒక శాఖ) కొండే నియమరాజు ఉండే చోటు, శిఖరం మీది అడవిని నరకరు. విశాఖ మన్యంలో చైత్రంలో వచ్చే ఇటుకల పండగకు విత్తనాలకు పూజ చేసి, మగవాళ్లు వేటకు వెళ్తారు. థింసా ఆట ఆ రోజుల్లోనే ఊపందుకుంటుంది. ఇప్పుడు రిసార్టుల్లో సాయంత్రం ఏడింటికి టూరిస్టుల కోసం ఆడే థింసా చూసి దాన్ని డాన్స్ ప్రోగ్రామ్ అనుకునేవాళ్లు ఎక్కువ. ఊళ్లో అది విత్తనం, వేట, వావివరసలతో ముడిపడ్డ పని.

అడవి చట్టం నుంచి 1/70 దాకా

మన్యానికి వేరే చట్టాలు ఎందుకున్నాయో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక కొండవాలు మీద చెట్లు కొట్టి, కాల్చి, కొన్నేళ్లు పంట తీసి ఇంకో చోటికి మారే పోడు సాగు నేరమైపోయింది. కట్టెకు, మేతకు కూడా అధికారి దయ కావాలి. రంపలో 1879లోనే తిరుగుబాటు జరిగింది. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడి చేసింది, తర్వాత రెండు రోజుల్లో కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి. ఆ పోరాటం 1924 మేలో ఆయన్ని కాల్చి చంపేదాకా, ఆ తర్వాత కూడా కొంతకాలం సాగింది. కొండదారులు తెలిసినవాళ్లకు, తెలియనివాళ్లకు మధ్య యుద్ధం అది.

స్వాతంత్ర్యం తర్వాత ఈ ప్రాంతాలు గిరిజన ప్రాంతాల పాలన కోసం పెట్టిన రాజ్యాంగం ఐదో షెడ్యూల్ కిందికి వచ్చాయి. అక్కడి భూబదిలీ నిబంధనలకు 1970లో వచ్చిన సవరణను జనం ఇప్పటికీ 1/70 చట్టం అంటారు. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరులకు బదిలీ కాకూడదన్నది దాని సారం. 1997 జులైలో, సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసింది. ప్రభుత్వం తన భూమిని కూడా అక్కడ ప్రైవేటు కంపెనీలకు మైనింగ్ లీజుకు ఇవ్వకూడదని చెప్పింది.

కానీ ఈ రక్షణ తూర్పు కనుమలంతటా లేదు. మన్యం షెడ్యూల్డ్ ప్రాంతం. కృష్ణకు ఉత్తరాన అమ్రాబాద్ వైపు కొన్ని చెంచు గ్రామాలు షెడ్యూల్డ్ ప్రాంతం. నది దాటి ఆంధ్ర వైపు నల్లమలకు వస్తే, అవే కుటుంబాల బంధువులు ఉన్నా, అది షెడ్యూల్డ్ ప్రాంతం కాదు. ఒకప్పుడు నిజాం వైపు, మద్రాసు వైపు జాబితాలు విడిగా తయారవడం వల్ల వచ్చిన తేడా ఇది.

కొండ నెత్తిన బాక్సైట్, కింద ఊటగెడ్డ

ఖోండలైట్ రాయి వేడికీ వానకూ లక్షల ఏళ్లు నానితే అందులోని మిగతావి కొట్టుకుపోయి అల్యూమినియం ముడిఖనిజం మిగులుతుంది. అందుకే బాక్సైట్ కొండ పైభాగంలో, టోపీలా ఉంటుంది. కోరాపుట్‌లోని పంచపట్మలిలో ప్రభుత్వ రంగ అల్యూమినియం సంస్థ నాల్కో 1980ల నుంచి దాన్ని తవ్వుతోంది. మన వైపు గాలికొండ, రక్తకొండ, జెర్రెల, సప్పర్ల కొండల్లో అదే ఖనిజం ఉంది, తవ్వలేదు. 2015లో జెర్రెల అటవీ భూమిని రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థకు ఇస్తూ జీవో వచ్చింది. ఆందోళనల తర్వాత 2019లో అది రద్దయింది.

వ్యతిరేకించేవాళ్ల వాదన నీటి గురించి. కొండ నెత్తిన ఉన్న ఆ గుల్ల పొర వాననీటిని పీల్చుకుని ఏడాది పొడవునా ఊటగా వదులుతుంది, అది పోతే కింద గెడ్డలు, అంటే వాగులు, ఎండుతాయి, గెడ్డ ఎండితే కాఫీ, వరి, తాగునీరు అన్నీ పోతాయి అంటారు. సమర్థించేవాళ్లు నీటి పొర బాక్సైట్‌కు కింద ఉంటుందని, తవ్వాక మట్టి కప్పి చెట్లు పెంచవచ్చని, ఉద్యోగాలు, పన్నులు వస్తాయని అంటారు. రెండు వాదనలకూ కొలతలు కావాలి, ఆ కొలతలు ఒక్కో కొండకు ఒక్కోలా ఉంటాయి. ఒక కొండ నివేదికను ఇంకో కొండకు అతికించడం ఇరువైపులా జరుగుతోంది.

ఈమధ్య బాక్సైట్ స్థానంలో పంప్డ్ స్టోరేజీ ముందుకొచ్చింది. ఇది ఎందుకు కొండల్నే వెతుక్కుంటుందో ఒక లెక్కతో చూద్దాం. పగలు సోలార్ కరెంటు మిగిలినప్పుడు కింది చెరువు నీళ్లను పై చెరువుకు తోడతారు. సాయంత్రం ఆ నీళ్లను వదిలి టర్బైన్ తిప్పుతారు. 1000 లీటర్ల నీరు 300 మీటర్లు కిందికి దిగితే వచ్చే శక్తి సుమారు 0.8 యూనిట్లు. నష్టాలు తీసేస్తే ఇంకా తక్కువ. నెలకు 200 యూనిట్లు వాడే ఒక ఇంటికి 250 టన్నుల నీరు దిగాలి. ఎత్తు 600 మీటర్లయితే అందులో సగం చాలు. నిటారుగా లేచే కొండ ఉంటే చిన్న చెరువుతో ఎక్కువ కరెంటు. అందుకే ఇంజనీర్ల కన్ను ఇక్కడ పడింది.

బొగ్గు తగ్గాలంటే ఇలాంటి నిల్వ ఉండాల్సిందేనన్నది ఒక వాదన, అది తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. ఆ చెరువుల కింద పోయే భూమి ఎవరిది, గ్రామసభ నిజంగా ఒప్పుకుందా అన్నది రెండో వాదన. మాచ్‌ఖండ్, సీలేరు జలవిద్యుత్ కేంద్రాలు కట్టినప్పుడు ఖాళీ చేసిన ఊళ్ల కథలు మన్యంలో ఇంకా చెప్పుకుంటారు. కొండ నీళ్లతో పుట్టిన కరెంటు కొండ దిగి వెళ్లిపోయింది, ఆ తీగల కిందున్న కొన్ని ఊళ్లకు చాలా ఏళ్ల తర్వాత గానీ రాలేదు అని.

అన్నీ నష్టాల కథలే కావు. పోడు సాగిన వాలుల మీద నీడచెట్ల కింద కాఫీ వేయడం మన్యంలో చాలా కుటుంబాలకు నిలకడైన రాబడి ఇచ్చింది. 2019లో అరకు అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ ఆ నీడచెట్లను పడగొట్టినప్పుడు ఎంత దెబ్బ తగిలిందో చూస్తే, సముద్రంలో పుట్టే తుపానుకు ఈ కొండలు ఎంత దగ్గరో తెలుస్తుంది.

అన్నిటికీ కలిపి ఒక చట్టం కావాలా?

పడమటి కనుమల మీద 2011లో గాడ్గిల్ కమిటీ, 2013లో కస్తూరిరంగన్ కమిటీ నివేదికలిచ్చాయి. 2012లో యునెస్కో అక్కడి కొన్ని ప్రాంతాల్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. తూర్పు కనుమలకు ఆ స్థాయిలో ఏదీ జరగలేదు. జరగాలనేవాళ్లు చెప్పేది సమంజసమే. అడవి రాష్ట్ర సరిహద్దు దగ్గర ఆగదు, ఏనుగు అంతకంటే ఆగదు. ఒడిశాలో ఒక చట్టం, ఆంధ్రలో ఒక చట్టం ఉంటే తవ్వకం తేలికైన వైపుకు జరుగుతుంది. సమత తీర్పు ఆంధ్ర భూచట్టం మీద ఆధారపడ్డదనీ, తమకు వర్తించదనీ ఒడిశా ప్రభుత్వం వాదించింది కూడా.

వద్దనేవాళ్లంతా కాంట్రాక్టర్లేనని అనుకోకూడదు. పై నుంచి గీసే పర్యావరణ గీత చివరికి పోడు చేసుకునే మనిషి మీద, కట్టెలు ఏరుకునే మనిషి మీద పడుతుందని 1882 నుంచి అనుభవం ఉన్న జనం భయపడతారు. పడమటి కనుమల్లో ఆ నివేదికల మీద రైతుల నిరసనలు మనం చూసినవే. నాకైతే మూడో అభ్యంతరం బలమైనదిగా కనిపిస్తుంది. ఎర్రచందనం దొంగతనానికి, బాక్సైట్ తవ్వకానికి, ఎర్రమట్టి దిబ్బల ఆక్రమణకు ఒకే మందు లేదు. ఒకదానికి పోలీసు, అంతర్జాతీయ వాణిజ్య నిబంధనలు కావాలి. రెండోదానికి గ్రామసభ, నీటి కొలతలు కావాలి. మూడోదానికి నగర ప్రణాళిక కావాలి.

కొండను బట్టి కాకుండా నదిని బట్టి పరిధి గీయాలనే వాళ్లూ ఉన్నారు. వంశధార ఉదాహరణ తీసుకోండి. అది పుట్టేది ఒడిశా కలహండి జిల్లాలో, నియమగిరి పక్కన లాంజిగఢ్ ప్రాంతంలో. సముద్రంలో కలిసేది శ్రీకాకుళం జిల్లా కళింగపట్నం దగ్గర. నియమగిరి బాక్సైట్ తవ్వకం మీద 2013లో సుప్రీంకోర్టు ఆదేశంతో 12 పల్లెల్లో గ్రామసభలు జరిగాయి, పన్నెండూ వద్దన్నాయి. నది నీటి పంపకం మీద ఒడిశా, ఆంధ్రల తగవు వేరే ట్రిబ్యునల్‌లో నడిచింది. 2010లో ఏర్పడిన ఆ ట్రిబ్యునల్ 2017లో తీర్పిచ్చింది. మొదటిదాంట్లో మాట్లాడింది కొండ మీది పల్లెలు. రెండోదాంట్లో మాట్లాడింది రెండు ప్రభుత్వాలు. వంశధార మీది గొట్టా బ్యారేజీ కింద వరి వేసే రైతుకు కొండ గురించి అడిగిన చోట పిలుపు రాలేదు, డోంగ్రియా పల్లెకు నీళ్ల గురించి అడిగిన చోట రాలేదు.